అమరేశ్వరరావు గారు పెనానికి పెట్టిన పదును

మే నెలాఖరున ఒక ఆదివారం పొద్దున, మిస్సిసాగాలోని తమ టౌన్‌హౌస్ పెరట్లో, అమరేశ్వరరావు గారు భార్య దోశల పెనాన్ని ఎర్రగా కాల్చి, చన్నీళ్ళ బకెట్లో ముంచారు. ఠంగుమంది. పెనం రెండు ముక్కలైంది. ఒక ముక్క బకెట్లో ఉండిపోయింది. రెండోది పట్టకారుతో సహా ఆయన చేతిలోనే ఉంది. ఇనుమూ ఉక్కూ ఎందుకు విరుగుతాయో చెప్పడమే ఉద్యోగంగా ముప్పై ఏళ్ళకు పైగా జీతం తీసుకున్న మనిషి కనుక, ఆయన కంగారుపడలేదు. ముక్కను వెలుతురుకు ఎత్తి, విరిగిన అంచును పరిశీలనగా చూసి, "పోత ఇనుము," అన్నారు.

ఆ మాట వినడానికి పెరట్లో ఒక ఉడత తప్ప ఎవరూ లేరు. ఉడత కూడా ఆగలేదు.

ఆ పెనం మీద వేసిన దోశలు ఆయన పెళ్ళయిన కొత్త నుంచీ తింటున్నారు. ఇనుము మీద ఆయన రాసిన పేపర్లను పేరిస్తే ఒక అర నిండుతుంది. అయినా రోజూ ఇంట్లో కళ్ళ ముందున్న ఆ పెనం ఏ రకం ఇనుమో ఆయన ఏనాడూ చూడలేదు. ఏదో రేకు పెనం కాబోలు అనుకున్నారు. రేకయితే నీళ్ళలో ముంచినా వంకర తిరుగుతుందేమో గానీ విరగదు. పోత ఇనుమయితే విరుగుతుంది. ఈ సంగతి మెటలర్జీ మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. ఆయనే కొంతమందికి చెప్పారు కూడా.

అసలు తప్పెవరిదంటే, మొదట రాగిణిది. కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు వారాంతానికి వచ్చి, అమ్మకు సాయం చేద్దామన్న సదుద్దేశంతో పెనాన్ని డిష్‌వాషర్‌లో పెట్టింది. అది బూడిదరంగు తేలి, తుప్పు చుక్కలతో బయటకొచ్చింది. "ఇట్ వాజ్ లిటరల్లీ బ్లాక్, డాడ్," అని చెప్పి కారెక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు సూర్యకుమారి గారు రిచ్‌మండ్ హిల్‌లో స్నేహితురాలింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి ఉన్నారు. ఫోన్లో సంగతి విని ఒక నిట్టూర్పు విడిచి, "సర్లెండి. దాని పదును మొత్తం పోయుంటుంది. నేనొచ్చేలోపు కాస్త పదును పెట్టి ఉంచండి, శనివారం పిక్నిక్కి కావాలి," అన్నారు.

ఫోన్ పెట్టేశాక అమరేశ్వరరావు గారికి గుండె నిండినట్టయింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్య ఆయన విద్యకు సంబంధించిన మాట ఒక్కటి పలకడం అదే మొదటిసారి. పదును! ఎర్రగా కాల్చడం, నీళ్ళలో ముంచడం. కొలిమి దగ్గర పుట్టి ఆయన ల్యాబు దాకా వచ్చిన మాట. పెనానికి పదునెందుకు అన్న అనుమానం ఆయనకు రాకపోలేదు. కానీ ఇన్నాళ్ళకు ఆవిడ తన భాషలో ఒకటి అడిగితే, అనుమానం వెలిబుచ్చడం మర్యాద కాదనిపించింది. వెంటనే పెరట్లోకి బిర్యానీలు వండే పెద్ద ప్రొపేన్ పొయ్యి తెచ్చారు.

ఆయన ఉద్యోగం గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంతవరకూ ఎవరూ దాన్ని సరిగ్గా చెప్పుకోలేదు. తెనాలి దగ్గర పుట్టి, వరంగల్లో మెటలర్జీ చదివి, పైచదువుకి కెనడా వచ్చి, డాక్టరేట్ తెచ్చుకుని, హామిల్టన్‌లో ఒక ఉక్కు కర్మాగారం ల్యాబులో చేరారు. పని చాలా సులువు. ఎక్కడో ఏదో విరుగుతుంది. రైలు ఇరుసో, క్రేను కొక్కెమో, వంతెన బోల్టో. దాన్ని ఒక పెట్టెలో పెట్టి ఆయన బల్ల మీదికి పంపుతారు. ఆయన కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఎందుకు విరిగిందో రాసి పంపుతారు. విరిగింది అలాగే ఉంటుంది. బాగుచెయ్యడం ఆయన శాఖ కాదు.

ఈ చివరి సంగతి బంధుమిత్రులకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఎవరింట్లో కుర్చీ విరిగినా ఆయన్ని పిలిచేవారు. ఆయన వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, వెల్డింగులో లోపం ఎక్కడుందో అరగంట వివరించి, టీ తాగి వచ్చేసేవారు. కుర్చీ విరిగే ఉండేది. తర్వాత తర్వాత పిలవడం మానేశారు.

ఒకసారి జనవరి చలిలో మాల్ ముందు కారు స్ప్రింగు పుటుక్కున తెగింది. ఆయన పార్కింగ్‌లోనే మంచు మీద వెల్లకిలా పడుకుని, కింద నుంచి, చలికి ఉక్కు పెళుసెలా బారుతుందో చెప్పడం మొదలుపెట్టారు. సూర్యకుమారి గారు రెండు చేతులా కిరాణా సంచులతో నిలబడి విన్నారు. చివరికి, "ఏవండీ, మనుషులు కూడా బారతారు," అన్నారు. ఆ వాక్యాన్ని ఆయన ఇప్పటికీ మెచ్చుకుంటారు.

రాగిణి పన్నెండేళ్ళప్పుడు, స్కేటింగ్ పోటీ ముందర ప్రాక్టీసులో దాని స్కేటు బ్లేడు విరిగింది. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఈయన బ్లేడు చేతిలోకి తీసుకుని, "ఎంత అందంగా విరిగిందో చూడమ్మా," అన్నారు. ఓదార్చడానికే అన్నారు. ఆయన దృష్టిలో అంతకన్నా గొప్ప ఓదార్పు లేదు. కూతురు ఆ మాట ఇంకా మరిచిపోలేదు, పుట్టినరోజు కార్డుల్లో రాస్తుంటుంది.

ఇక బయట ఆయన కీర్తి వేరే దారిన పెరిగింది. "మెటలర్జిస్ట్" అన్న మాట మనవాళ్ళ చెవికి "మెటల్ ఎలర్జిస్ట్"గా వినిపించడంలో పెద్ద వింతేమీ లేదు. పైగా పేరుకి ముందు డాక్టర్ ఉందాయె. ఒకసారి గుళ్ళో ఒకావిడ తీర్థం పుచ్చుకుంటూ ముంజేయి చాపి, "డాక్టర్ గారూ, ఈ దద్దుర్లు ఎందుకొచ్చాయంటారు?" అని అడిగింది. ఆయన గాజు చూశారు. రోల్డుగోల్డు. కింద నికెల్ పూత ఉంటుందని ఆయనకు తెలుసు, నికెల్ కొందరికి పడదనీ తెలుసు. "నికెల్ అమ్మా, తీసెయ్యండి," అన్నారు. తీసేసింది. వారంలో తగ్గిపోయింది. అంతే. అప్పటినుంచి చెవిపోగులూ, వాచీ పట్టీలూ, మెట్టెలూ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి. నేను ఆ డాక్టర్ని కాదండీ అని మొదట్లో చెప్పేవారు. "మీకు మరీ మొహమాటం," అనేవారు. క్రేను కొక్కెం గురించి రాసిన రిపోర్టుకి రాని గౌరవం మెట్టెలకు వస్తుంటే, ఆయన కూడా ఎంతకాలమని కాదంటారు?

రిటైరైన రోజు కంపెనీవాళ్ళు రైలు పట్టా ముక్కొకటి అద్దంలా మెరుగుపెట్టి, పేరు చెక్కించి ఇచ్చారు. దాన్ని సూర్యకుమారి గారు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. "బరువు బాగా సరిపోయింది," అని మెచ్చుకున్నారు కూడా.

సాయంత్రం సూర్యకుమారి గారు వ్రత ప్రసాదంతో ఇంటికొచ్చేసరికి, వంటింటి బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి ఉంది. దాని మీద పెనం ముక్కలు రెండూ, విరిగిన అంచులు పైకి ఉండేలా, పక్కన ఒక స్కేలుతో, ఫోటోకి సిద్ధంగా ఉన్నాయి.

"ఏవండీ, ఇదేమిటి?"

"పెనం."

"అది తెలుస్తూనే ఉంది. రెండెందుకున్నాయి?"

అమరేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "పోత ఇనుములో గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది సూర్యం. ఉన్నట్టుండి చల్లబడితే, ఆ రేకు కొసల దగ్గర పగులు మొదలై..."

"నీళ్ళలో ముంచారా?"

"నువ్వే కదా పదును పెట్టమన్నావు!"

సూర్యకుమారి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పదును పెట్టమంటే ఎవరైనా నీళ్ళలో ముంచుతారా? నూనె రాసి, ఉల్లిచెక్కతో రుద్ది, కాచి, మళ్ళీ రాసి, నాలుగట్లు పోస్తే పెనానికి పట్టేదాన్ని పదునంటారు. మా ఇంట్లో అందరూ అలాగే అంటారు. అట్టు అంటకుండా వచ్చేది దానివల్లే."

"కమ్మరి దగ్గర పదునంటే నీళ్ళలో ముంచడమే."

"నేను కమ్మరిని చేసుకున్నానా?"

ఆయన ఆలోచించారు. ఒకరకంగా అవుననే చెప్పాలి. కాకపోతే కమ్మరికి పని వచ్చు.

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. ముక్కలు రెండింటినీ ఒకదానికొకటి ఆనించి చూశారు. గీత కూడా కనపడకుండా అతికినట్టే ఉన్నాయి. చెయ్యి తీస్తే విడిపోయాయి. "జనార్ధనరావు గారికి మీరే ఫోన్ చేసి చెప్పండి, ఈసారి దోశల కౌంటర్ ఉండదని," అని లేచి వెళ్ళిపోయారు.

ఆ కౌంటర్ సంగతి ఆయనకు తెలుసు. కెనడా వచ్చిన కొత్తలో హామిల్టన్‌లో తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. గుంటూరులో కాలేజీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పిన భార్యకు ఇక్కడికొచ్చాక పేరు కూడా లేకుండా పోయింది. ఎవరింటికెళ్ళినా "అమరేశ్వర్ గారి మిసెస్". మొదటి వేసవి పిక్నిక్‌కి ఆవిడ సూట్‌కేసులో చీరల మధ్య మోసుకొచ్చిన ఈ పెనం తీసుకెళ్ళి, పార్కులో దోశలు వేశారు. రెండో వేసవికి ఆవిడ "సూర్యకుమారి గారు" అయ్యారు. ఆ తర్వాత నాలుగైదు వేసవులకు ఈయన "దోశల సూర్యకుమారి గారి వాళ్ళాయన" అయ్యారు. ఊరు మారినా, జనం వందలైనా ఆ కౌంటర్ ఒక్క ఏడాదీ ఆగలేదు. ఆయన ఒక్క బకెట్టుతో ముక్కలు చేసింది దాన్ని.

జనార్ధనరావు గారు తెలుగు సంఘం అధ్యక్షుడు. ఫోనెత్తగానే, "ఏం పర్లేదండీ అమరేశ్వర్ గారూ! పిజ్జాలు ఆర్డర్ చేద్దాం. పిల్లలు కూడా హ్యాపీ," అన్నారు.

ఆ "ఏం పర్లేదండీ" అన్న మాట అమరేశ్వరరావు గారికి గుచ్చుకుంది. పర్లేదంటే ఎలా? "ఆగండి, ఇంకా ఏదీ ఆర్డర్ చెయ్యకండి," అని ఫోన్ పెట్టేసి, మేడ మెట్ల కింద నిలబడి, "సూర్యం! కొత్త పెనం తెస్తాను. శనివారానికి పదును పెడతాను. నా పదును కాదు, నీ పదును," అన్నారు.

పైనుంచి "చూద్దాం," అని వినిపించింది.

మర్నాడు వంటసామాన్ల దుకాణంలో ఆయన మళ్ళీ మోసపోదలచుకోలేదు. ప్రతి పెనాన్నీ వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించారు. జేబులోంచి భూతద్దం తీసి అడుగులు చూశారు. సేల్స్ అమ్మాయి వచ్చి ఏమైనా సాయం కావాలా అని అడిగింది. "ఇది ఏ ఇనుము?" అన్నారు. "ఇట్స్ ఎ పాన్, సర్," అందా అమ్మాయి. నిన్నటిదాకా తన పరిజ్ఞానం కూడా అంతే కనుక ఆయన ఆ అమ్మాయిని ఏమీ అనకుండా, పోత ఇనుమని తేల్చుకున్న పెనమొకటి కొని తెచ్చారు.

ఇక పదును కార్యక్రమం. అమరేశ్వరరావు గారు నూనెల గుణాలన్నీ ఇంటర్నెట్లో చదివారు. ల్యాబు రోజులనాటి గురిపెట్టే థర్మామీటర్ అటక మీంచి దించారు. పెనానికి అవిసె నూనె పల్చగా పూసి, ఓవెన్లో పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పొగ అలారం మోగింది. పక్కింటి పోర్చుగీసు ముసలాయన తలుపు కొట్టి, ఎవరైనా బతికున్నారా అని అడిగాడు. ఉన్నామని చెప్పి పంపించి, రెండో పూత పూశారు. అలారం మళ్ళీ మోగింది. ఈసారి ముసలాయన రాలేదు.

రాగిణి ఫోన్ చేస్తే ఆయన స్పీకర్లో పెట్టారు. తప్పు చేసిన గొంతుతోనే మొదలుపెట్టి, "డాడ్, అయామ్ సో సారీ. బట్ ఆనెస్ట్లీ, జస్ట్ బై ఎ నాన్‌స్టిక్!" అంది.

"నోర్ముయ్!" అన్నారు తల్లీ తండ్రీ ఒక్కసారే.

పెనం విరిగాక ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. రాగిణి ఫోన్ పెట్టేసింది. సూర్యకుమారి గారు నవ్వు దాచుకుంటూ వంటింట్లోకి వచ్చి, ఒక ఉల్లిపాయని అడ్డంగా కోసి ఫోర్కుకి గుచ్చారు.

"ఆ మిషను పక్కన పెట్టండి. వేడి ఎంత ఉండాలంటారు?"

"రెండొందల ముప్పై డిగ్రీలు. ఒక అయిదు అటూ ఇటూ."

ఆవిడ పెనాన్ని ఓవెన్లోంచి పొయ్యి మీదికి మార్చి, కాగాక చెంబులో వేళ్ళు ముంచి దాని మీద విదిలించబోయారు. అమరేశ్వరరావు గారు కుర్చీ పడేసి మరీ అడ్డం వచ్చారు. "సూర్యం! నీళ్ళు!"

"చుక్కే లెండి. బకెట్ కాదు."

చుక్క చుయ్యిమని గుండ్రంగా పరిగెత్తి మాయమైంది. పెనం విరగలేదు. ఆయన థర్మామీటర్ గురిపెట్టి చూశారు. రెండొందల ముప్పైకి ఏ మాత్రం దగ్గర్లో లేదు. ఆ సంగతి బయటకు చెప్పలేదు. మైక్రోస్కోపు ముందు ఏళ్ళ తరబడి నేర్చుకున్న నిగ్రహం ఆ విధంగా ఒకసారి ఉపయోగపడింది.

శుక్రవారం దాకా రుద్దారు, కాచారు, మళ్ళీ రుద్దారు. ఇల్లంతా ఉల్లి వాసన, కర్టెన్లతో సహా. పెనం నల్లబడింది. సూర్యకుమారి గారు దాని మీద అరచెయ్యి పెట్టి నిమిరి, "ఊఁ," అన్నారు. ఆ "ఊఁ" అంటే అవునో కాదో ఆయనకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. పెళ్ళికొడుకుని చూసుకోవడానికి ఆవిడ వాళ్ళ నాన్న వచ్చినప్పుడు కూడా సరిగ్గా ఇలాంటి "ఊఁ" అనే అన్నారు, అప్పుడూ అర్థం కాలేదు.

శనివారం లేక్ ఒంటారియో ఒడ్డున పార్కులో ఎండ బాగా కాసింది. బోర్డు కట్టారు. పిండి గిన్నెలు దించారు. పొయ్యి వెలిగించాక, సూర్యకుమారి గారు అట్లకాడ తీసి భర్త చేతిలో పెట్టారు.

"ఇదేమిటి?"

"పదును పెట్టింది మీరు. మొదటి నాలుగూ మీరే పొయ్యండి."

ఆయన తబ్బిబ్బయ్యారు. ఆ కౌంటర్ వెనక నిలబడే గౌరవం ఇంతవరకూ ఆయనకు దక్కలేదు. చెట్నీ గిన్నె దాకా రానిచ్చేవారు, అంతే. భార్య చేత ఏప్రన్ కట్టించుకుని, నిటారుగా నిలబడ్డారు. అంతలో మైకులో జనార్ధనరావు గారి గొంతు మోగింది. "మన ప్రముఖ మెటల్ ఎలర్జీ స్పెషలిస్టు డాక్టర్ అమరేశ్వర్ గారు ఈసారి స్వయంగా దోశలు వేస్తున్నారు! సలహాలు ఉచితం!"

వరసలో ముందున్నావిడ ప్లేటుతో పాటు చెవి కూడా ముందుకి పెట్టింది. "డాక్టర్ గారూ, ఈ కమ్మ పెట్టుకున్నప్పట్నుంచీ..."

"నికెల్ అమ్మా. తీసెయ్యండి," అని ఆయన గరిటెతో పిండి పోసి, గుండ్రంగా తిప్పారు. గుండ్రం అనడం మర్యాదకే. అంచులు ఎర్రబడ్డాయి. అట్లకాడ దోపారు. దోశ రాలేదు. అటునుంచి దోపారు. సగం వచ్చింది, సగం పెనం ఉంచేసుకుంది. ఆయన దాన్ని గీకి పక్కన పడేసి, ఉల్లిచెక్కతో రుద్ది, రెండోది పోశారు. అది మరీ అధ్వాన్నం. వరస పొడుగవుతోంది. ఆయన నుదుట చెమట పట్టింది. భార్య వైపు చూశారు.

సూర్యకుమారి గారు నింపాదిగా కొంగు దోపుకుంటున్నారు. ముఖంలో ఆందోళన అన్నది లేదు. ఆ మాటకొస్తే ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయి. అప్పుడు అమరేశ్వరరావు గారికి ఆ ఆదివారం సాయంత్రం వంటింట్లో ఆవిడ చెప్పిన మాట గుర్తొచ్చింది. నాలుగట్లు పోస్తే పట్టేదాన్ని పదునంటారు. అంటే మొదటి నాలుగూ ఎవరు పోసినా పాడవ్వాల్సిందే. ఆవిడ తన చేతి పేరు చెడకుండా ఆ నాలుగింటికీ ఒక మనిషిని చూసుకున్నారు. ఆ మనిషికి ఏప్రన్ కూడా కట్టారు.

"కానివ్వండి, ఇంకా రెండున్నాయి," అన్నారావిడ. "తర్వాత నేను చూసుకుంటాలెండి."

ఇక కౌంటర్ నిలబడ్డట్టే. ఆయనకు ఒంట్లో బరువంతా దిగినట్టయింది. మూడో దోశ పోశారు. ఒకవైపు అంచు దానంతటదే కాస్త పైకి లేచింది. మిగతాది కదల్లేదు.

ముందున్నావిడ కమ్మ ఊడదీసుకోవడానికి పక్కకి తప్పుకోవడంతో వరసలో మొదటికి వచ్చిన అమ్మాయి పేరు కావ్యశ్రీ. కరీంనగర్ నుంచి ఇక్కడి కాలేజీలో చదువుకోవడానికి వచ్చింది. పొద్దున షిఫ్టు చేసి నేరుగా వచ్చినట్టుంది, స్టోర్ చొక్కా మీదే ఉంది. ఖాళీ ప్లేటు పట్టుకుని, అట్లకాడతో ఆయన పడుతున్న పాట్లు కాసేపు చూసింది.

"అయ్యో అంకుల్, గిదేంది! ఆకలైతున్నది, మీ దోశేమో పెనాన్ని ఇడుస్తనే లేదు!"

"అతుక్కున్నందుకు సంతోషించమ్మా, ఇన్నేళ్ళూ నా చేతికి విరిగినవే వచ్చాయి," అన్నారు అమరేశ్వరరావు గారు.